అంతర్గత పౌరుల సంక్షేమ పథకం

…అయితే ఇప్పుడు టీ కావాలంటున్నది తనా, తన పొట్టలో ఉన్నవాళ్ళా? పావుగంట కిందటి వరకూ దాలినాయుడికి ఇటువంటి అనుమానం రాలేదు. నలభై ఆరేళ్ళపాటు, టీ తాగాలనిపిస్తే ఆ అనిపించడం తనదేననుకున్నాడు. తాగాడు. ఇప్పుడు మున్సిపాలిటీ కౌన్సిల్ హాల్లో, వెనక నుంచి రెండో వరసలో, తిరగని ఫ్యాను కింద కూర్చుని, నాలుక మీద లేచిన ఆ చిన్న కోరికను ఎదురింటివాళ్ళ ఉత్తరం పొరపాటున విప్పినవాడిలా బెరుకుగా తిరగేసి చూస్తున్నాడు. ఇది ఎవరి పేరున వచ్చింది? పంచదార అడిగేవాళ్ళు ఒక జట్టు, పాలు అడిగేవాళ్ళు ఒక జట్టు అయితే, మధ్యలో వద్దనేవాడు ఎవడు? వద్దనడం అనేది తన జీవితంలో ఎప్పుడైనా జరిగిందా?

వేదిక మీద కమిషనర్ గారు సీలు వేసిన నీళ్ళ సీసా మూత తిప్పుతూ సరిగ్గా ఆ విషయమే చెబుతున్నారు. ఆయన కిందటి వారం ఏదో కొండప్రాంతంలో ఆరోగ్యపాలన మీద మూడు రోజుల శిక్షణకు వెళ్ళొచ్చారు. వెళ్ళేటప్పుడు మామూలు మనిషిగానే వెళ్ళారు.

“ఒక్కొక్క మనిషిలో మానవ కణాలు ముప్పై లక్షల కోట్లు. సూక్ష్మజీవులు ముప్పై ఎనిమిది లక్షల కోట్లు. ఇందులో అధికభాగం పేగుల్లో నివసిస్తున్నాయి. అన్నం అరగడం, రోగం రాకుండా కాచుకోవడం, చివరికి మనం సంతోషంగా ఉండడం కూడా వాటి చేతిలో ఉన్నదని శాస్త్రం చెబుతోంది. సోదరులారా, దీని అర్థం ఏమిటి?”

ఆయన సీసాలోంచి ఒక గుక్క తాగి, తనే చెప్పారు.

“ఇన్నాళ్ళూ ఈ పురపాలక సంఘం అల్పసంఖ్యాకులకు మాత్రమే సేవ చేసింది. ముప్పై ఎనిమిదిని వదిలేసి ముప్పైకి కుళాయిలు వేశాం. ముప్పైకి వీధిదీపాలు పెట్టాం. ఈ చారిత్రక తప్పిదాన్ని సరిదిద్దడానికే నేను ‘అంతర్గత పౌరుల సంక్షేమ పథకం’ ప్రకటిస్తున్నాను. ఏ వార్డు ప్రజల పేగుల్లో ఎక్కువ రకాల జీవులు ఉంటాయో ఆ వార్డే ఆరోగ్యవంతమైన వార్డు. వైవిధ్యమే ఆరోగ్యం!”

ముందు వరసలో కూర్చున్న మున్సిపల్ ఆరోగ్యాధికారి డాక్టర్ శాంతకుమారి లేచి నిలబడింది. “సార్, వైవిధ్యం మంచిదే. కానీ వాటిలో మేలు చేసేవీ ఉంటాయి, కీడు చేసేవీ ఉంటాయి…”

“డాక్టర్ గారూ,” అన్నారు కమిషనర్ గారు ఎంతో మర్యాదగా, “పౌరులను మంచివారు, చెడ్డవారు అని విడదీసే అధికారం పురపాలక చట్టం మనకు ఇవ్వలేదు.”

డాక్టర్ శాంతకుమారి కూర్చుంది. అందరూ చప్పట్లు కొట్టారు. దాలినాయుడి చేతులు కూడా కొట్టాయి. కొడుతున్న చేతులను అతను కాస్త ఆసక్తిగా చూశాడు.

అతను నీటి సరఫరా విభాగంలో సీనియర్ అసిస్టెంటు. ఇరవై రెండేళ్ళ సర్వీసు. పెళ్ళి చేసుకోలేదు, వద్దనుకుని కాదు, కావాలని ఎవరికీ గట్టిగా చెప్పకపోవడం వల్ల. సాయంత్రాలు పురపాలక గ్రంథాలయంలో మనసు గురించి రాసిన పాత పుస్తకాలు చదువుతాడు. భయం ఎక్కడ పుడుతుంది, మనిషి తనకు ఇష్టం లేని పనికి ఎందుకు తలూపుతాడు అన్న అధ్యాయాల దగ్గర పేజీలు నలిగి ఉంటాయి. నలిపింది అతనే. అన్నీ చదివి, మర్నాడు ఆఫీసుకు వెళ్ళి తలూపేవాడు.

ఆ సాయంత్రం నాలుగింటికి కమిషనర్ గారు పిలిచారు.

“నాయుడూ, నాలుగున్నరకల్లా ఒక ప్రొఫార్మా కావాలి. ఇంటింటి సర్వే. నీ అక్షరం బాగుంటుంది.”

అరగంటలో కొత్త ఫారం ఎవరూ తయారు చెయ్యలేరు. ప్రభుత్వంలో కొత్త ఫారం అంటే పాత ఫారమే. దాలినాయుడు బీరువా తెరిచి, రెండేళ్ళ కిందటి ఇంటింటా మొక్కల పథకం ఫారం తీశాడు. వీధి పేరు, ఇంటి నెంబరు, మొక్కల రకాల సంఖ్య, బతికి ఉన్నవి, నీరు పోయు బాధ్యత ఎవరిది, కంచె కలదా లేదా. ‘మొక్కల’ అన్నచోట కొట్టేసి ‘సూక్ష్మజీవుల’ అని రాశాడు. మిగతాది సరిపోయింది.

రకాల సంఖ్య అన్న గడి దగ్గర అతని కలం ఆగింది. ఎన్ని రకాలో ఉంది. ఏ రకాలో రాయడానికి చోటు లేదు. మొక్కలకు ఆ అవసరం రాలేదు. ఎవరూ పెరట్లో ముళ్ళజెముడు పెంచి లెక్కలో చూపించరు. కానీ పేగుల్లో… ఇంకో గడి గీస్తే? గీస్తే కింద గదిలో ఉన్న డాక్టర్ గారిని అడగాలి. అడిగితే ఆవిడ చెబుతుంది. చెబితే పైకి తీసుకెళ్ళి కమిషనర్ గారికి వివరించాలి. అప్పుడాయన అంతే మర్యాదగా తన వైపు చూస్తారు. ఆ చూపు ఊహించగానే దాలినాయుడి పొట్టలో ఏదో చల్లగా జారింది. ఇది నేను కాదు, లోపలివాళ్ళు, అనుకున్నాడు. ఆ ఆలోచన అతనికి వింత ఊరట ఇచ్చింది. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి, తన పిరికితనానికి తను కాని మరొకరు దొరికారు. నాలుగూ ఇరవై ఎనిమిదికి ఫారం పైకి పంపించాడు.

తర్వాతి సోమవారం సాలిపేట మూడో వీధి నుంచి పోలమ్మ వచ్చింది. నేత మగ్గాలకు కండెలు చుట్టి చుట్టి కుడిచేతి చూపుడువేలు వంకరపోయిన మనిషి. చేతిలో సీసా, సీసాలో చెరుకురసం రంగు నీళ్ళు.

“ఇది సూడు బాబూ,” అని సీసా దాలినాయుడి బల్ల మీద పెట్టింది. “కులాయి నీలు. వాసన సూడమన్ను, వొద్దులే, మల్లా అన్నం తిననేవు. మా ఈది సివర గొట్టం పగిలింది. పక్కనే మురుగుకాలవ. ఈదంతా ఇరోసనాలే.”

దాలినాయుడు ఫిర్యాదుల పుస్తకం తెరిచి, మళ్ళీ మూశాడు. ఆ ఉదయమే సర్క్యులరు వచ్చింది. నీటి గురించి ఫిర్యాదు తీసుకునే ముందు ఫిర్యాదుదారుడి అంతర్గత పౌరుల అభిప్రాయం తెలుసుకోవాలి.

“అమ్మా, ముందు పరీక్ష చేయించాలి. మీ ఇంట్లోవాళ్ళందరివీ… చిన్న డబ్బాలు ఇస్తాం. అందులో…”

“డబ్బాల్లో ఏటి?”

దాలినాయుడు గొంతు తగ్గించి చెప్పాడు.

పోలమ్మ సీసాను అతని వైపు ఇంకాస్త జరిపింది. “నీలు బాగోనేదని నీలు తెచ్చినాను బాబూ. నువ్వు దొడ్డికెల్లింది పట్టుకు రమ్మంటన్నావు. నాకు మతిపోనాదా, నీకు పోనాదా?”

వరసలో వెనక ఉన్నవాళ్ళు నవ్వారు. “నీకేటమ్మా, నీళ్ళ విరోచనాల పుణ్యమా అని కావలసినంత సరుకుంది,” అన్నాడు ఒకాయన.

“రూలమ్మా,” అన్నాడు దాలినాయుడు.

పోలమ్మ డబ్బాలు లెక్కపెట్టి తీసుకుంది. నలుగురికి నాలుగు. తనకు, భర్తకు, అత్తకు, పురిటికని వచ్చిన కూతురు వరాలుకు. “దానికి ఎనిమిదో నెల బాబూ,” అంది వెళ్ళబోతూ. “అందుకే తిరుగుతన్నాను. నేనైతే ఇన్నేల్లూ తాగి బతకనేదేటి.”

సర్వే పదిహేను రోజులు జరిగింది. పారిశుద్ధ్య సిబ్బంది ఇంటింటికీ వెళ్ళి డబ్బాలు వసూలు చేశారు. ఫారంలో ఉంది కనక, పేగులకు కంచె కలదా లేదా అని కూడా అడిగారు. కొందరు కలదన్నారు. కొందరు వచ్చే ఏడు కట్టించుకుంటామన్నారు. ఇళ్ళు అయ్యాక ఆఫీసు సిబ్బంది డబ్బాలూ పరీక్షకు వెళ్ళాయి.

ఫలితాలు నోటీసు బోర్డు మీద పెట్టారు. ఆఫీసర్ల కాలనీ అట్టడుగున ఉంది. సాలిపేట మూడో వీధి నాలుగువందల పన్నెండు రకాలతో పట్టణంలో మొదటి స్థానం సంపాదించింది. రెండో స్థానానికీ దానికీ మధ్య రెండువందల తేడా. ఏ రకాలో ఎవరికీ తెలియదు. ఆ గడి లేదు.

ఆఫీసు జాబితాలో చిట్టచివర దాలినాయుడి పేరు. ముప్పై ఒక్క రకాలు.

కమిషనర్ గారు స్వయంగా అతని బల్ల దగ్గరికి వచ్చి, చావు పరామర్శకు వచ్చినట్టు నిలబడ్డారు. “నాయుడూ, నీ లోపల చాలా కొద్దిమందే ఉన్నారు. ఒంటరిగా ఉండకు. పెరుగు తిను. అరటిపండు తిను. ఎవరినైనా చేరనియ్యి.”

“అలాగే సార్.”

ఆ మాట అని దాలినాయుడు ఫైలు తెరిచాడు. లోపల కూడా జనం లేరన్నమాట. గది ఒకటి, మంచం ఒకటి, ముప్పై ఒక్కమంది అద్దెకున్నవాళ్ళు. అంత తక్కువమంది కలిసి ఒక మనిషిని ఇంత పిరికివాణ్ణి చెయ్యగలరా? ఈ లెక్క అతనికి నచ్చలేదు. నోటీసు బోర్డు వైపు వెళ్ళడం మానేశాడు.

సాలిపేట విజయానికి కారణం తెలుసుకోవడానికి కమిషనర్ గారు పరివారంతో బయల్దేరారు. దాలినాయుడు నోట్సు రాయడానికి వెంట వెళ్ళాడు. వీధి చివర, పగిలిన గొట్టం బుడగలు వదులుతూ మురుగుకాలువలో సగం మునిగి ఉంది. ఒక పంది దాని పక్కన పిల్లలతో సహా విశ్రాంతి తీసుకుంటోంది. కమిషనర్ గారు చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, అలాగే తన్మయంగా చూశారు.

“ఇదా!” అన్నారు రుమాలు లోంచి. “రాసుకో నాయుడూ. ఇది పగులు కాదు. ఇది సంగమం.”

సరిగ్గా అప్పుడే ఫిట్టర్ సింహాద్రి సైకిల్ మీద వచ్చాడు. హాండిల్‌కి గొట్టం బిగించే ఇనుప క్లాంపు వేలాడుతోంది. నెల రోజులుగా పోలమ్మ అతని ఇంటికి కూడా వెళ్ళి పోరుతోంది. సింహాద్రి పంచె ఎగ్గట్టి కాలువలోకి దిగబోయాడు.

“ఏం చేస్తున్నావు?”

“క్లాంపేస్తే పది నిమిషాల పని సార్. కాలవ నీలు లోనికి పోకుండా…”

“నాలుగువందల పన్నెండు రకాల ప్రాణుల ఇల్లు పది నిమిషాల్లో కూల్చేస్తావా?”

సింహాద్రి అర్థం కాక దాలినాయుడి వైపు చూశాడు. దాలినాయుడు నోట్సు వైపు చూశాడు.

మెమో ఆ సాయంత్రమే తయారైంది. కమిషనర్ గారు చెబుతుంటే రాసింది దాలినాయుడే. ‘పై అధికారుల అనుమతి లేకుండా సంగమ ప్రదేశమందు క్లాంపు ధరించి ప్రవేశించి, అంతర్గత పౌరుల సహజ ఆవాసమునకు భంగము కలిగించ ప్రయత్నించినందున, సదరు ఫిట్టర్ సింహాద్రి ఇకపై సంగమమునకు గాని, మూడవ వీధి కుళాయిలకు గాని, వాల్వుకు గాని ముప్పది మీటర్ల లోపు సంచరించరాదు.’ అక్షరం బాగుందన్నారు.

తర్వాతి వారం కౌన్సిల్ సమావేశంలో ఒక కుర్చీ ఖాళీగా ఉంచారు. దాని ముందు ‘అంతర్గత పౌరుల ప్రతినిధి’ అన్న బోర్డు, ఒక గ్లాసు మజ్జిగ. సాలిపేట మూడో వీధిని సూక్ష్మజీవ వారసత్వ ప్రదేశంగా ప్రకటించాలన్న తీర్మానం చదివి, ప్రతినిధి అభిప్రాయం అడిగారు. కుర్చీ ఏమీ అనలేదు. మౌనం అర్ధాంగీకారం కనక, కమిషనర్ గారు రెండుసార్లు అడిగించి, రెండు సగాలూ కలిపి పూర్తి అంగీకారంగా నమోదు చేయించారు.

తొమ్మిదో వార్డు కౌన్సిలరు మటుకు బల్ల గుద్దాడు. “ఇది పక్షపాతం! మా వార్డులో గొట్టాలు పగల్లేదా? కాలవలు లేవా? సాలిపేటకే వైవిధ్యమేంటి? మా ఓటర్లకు నేనేం చెప్పాలి?”

“మీ ఆవేదన సమంజసం,” అన్నారు కమిషనర్ గారు. “సంగమాలను దశలవారీగా అన్ని వార్డులకూ విస్తరిస్తాం. గొట్టాలు పగలగొట్టడానికి టెండర్లు పిలుస్తున్నాం.”

“ఆఫీసర్ల కాలనీకి ఎప్పుడండీ?” అని వెనక నుంచి ఎవరో అడిగారు.

“అక్కడివారు తరచూ బదిలీ అవుతుంటారు. వారి సూక్ష్మజీవులు స్థానికులు కారు. కాబట్టి ఆ కాలనీ ఈ పథకం పరిధిలోకి రాదు.”

డాక్టర్ శాంతకుమారి ఈసారి లేవలేదు. ఆవిడ ముందు రోజు ఒక నివేదిక ఇచ్చింది. సాలిపేటలో నెలలో నూట నలభైమందికి విరేచనాలు అని అందులో ఉంది. అది వెనక్కి వచ్చింది. ‘విరేచనములు’ అన్న మాట కొట్టేసి, పైన ఎర్ర సిరాతో ‘అంతర్గత పౌరుల సామూహిక వలస’ అని దిద్దారు. ఆవిడ సంతకం పెట్టింది. పెట్టి, సెలవు పెట్టింది.

ఆ తర్వాత వచ్చిన ఉత్తర్వు చిన్నది. వారసత్వ ప్రదేశంలో నీటిని మరిగించుట, వడపోయుట, పటిక తిప్పుట సామూహిక సంహారంగా పరిగణించబడును. అది కూడా దాలినాయుడి అక్షరంలోనే మూడో వీధి గోడ మీద అంటుకుంది.

మంగళవారం పోలమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి సీసా లేదు. వరసలో నిలబడలేదు. వచ్చి బల్ల పక్కన నేల మీద కూర్చుంది.

“తప్పేలా ఎట్టుకుపోనారు బాబూ.”

“ఎవరు?”

“మీవోలే. ఇద్దరొచ్చినారు. ఇంట్లోంచి ఆవిరొస్తందట. సారా కాస్తన్నామనుకుంటే బాగున్ను, పోన్లే అని ఒగ్గీసీవోలు. నీలు కాస్తన్నామని తెలిసిపోనాది.” పోలమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. “తలుపేసుకుని దొంగతనంగా నీలు కాసుకునే రోజొచ్చింది. మా అత్త నవ్వుతంది. దాని కాలంలో కూడా ఇది నేదంట.”

పోలమ్మ కొంగు ముడి విప్పి, మడతపెట్టిన ఆహ్వానపత్రం తీసి బల్ల మీద పెట్టింది. శుక్రవారం ఉదయం పది గంటలకు సంగమం దగ్గర శిలాఫలకం ఆవిష్కరణ. అనంతరం పట్టణంలోకెల్లా అత్యధిక అంతర్గత పౌరులు గల గృహిణి శ్రీమతి వరాలుకు, ఒక్కరిలోనే నూట పదిహేడు రకాలు కలిగినందుకు, శాలువాతో సన్మానం.

“పొద్దుట్నుంచి ఆరుసార్లెల్లింది,” అంది పోలమ్మ. “నిన్న ఆసుపత్రిలో సెలైనెక్కించి పంపీసారు. ఇంటికొస్తే మల్లా ఆ నీలే కదా. లోపల బిడ్డ తిరుగుడు తగ్గిందంటంది. నేనేటి సెప్పను దానికి? నూట పదేడు మందున్నారమ్మా నీలోన, అందులో మా మనవడొకడు సర్దుకుంటాడులే అని సెప్పనా?”

“ఎవరితోనైనా మాట్లాడతాను.”

“ఎవులితో?”

దాలినాయుడు పైకి వెళ్ళే మెట్ల వైపు చూశాడు.

“శాలువొద్దు బాబూ,” అంది పోలమ్మ లేస్తూ. “నాలుగు బిందెలు మంచినీలిప్పించు. రోజుకి నాలుగు. ఆ పిల్లకి పురుడొచ్చేదాకా. ఆ తరవాత మీ ఊరు మీ ఇష్టం.”

ఆహ్వానపత్రం బల్ల మీదే ఉండిపోయింది. మధ్యాహ్నం కమిషనర్ గారు శిలాఫలకం వాక్యాల కోసం పిలిచారు. దాలినాయుడు వెళ్ళాడు. చెబుదామనే వెళ్ళాడు. గుమ్మం దాటేటప్పటికి వాక్యం తయారుగా ఉంది: సార్, ఆ అమ్మాయికి తొమ్మిదో నెల. ఏడు మాటలు కూడా లేవు. కమిషనర్ గారు తలెత్తి, “ఆఁ నాయుడూ?” అన్నారు. మళ్ళీ పొట్టలో ఆ చల్లటి జారుడు. అతను ఆ జారుడును కళ్ళు మూసుకుని చూసినట్టు చూశాడు. పుస్తకాల్లో చెప్పినట్టుగానే ముందు పొట్ట, తర్వాత మోకాళ్ళు, తర్వాత నాలుక. “ఫలకం మీద ‘సంగమము’ అనాలా, ‘సంగమం’ అనాలా సార్?” అని అడిగింది నాలుక.

“సంగమము. గాంభీర్యం ఉంటుంది.”

బయటికొచ్చి మెట్ల మీద నిలబడ్డాడు. లోపలివాళ్ళు, అని మొదలుపెట్టబోయింది మనసు. ఎవరు లోపలివాళ్ళు? ముప్పై ఒక్క రకాలు. ఆఫీసులో అందరికన్నా తక్కువ. కమిషనర్ గారి లోపల అరవై మంది ఉన్నారు, అయినా ఆయన దేనికీ జంకరు. నేరం మోపడానికి నా దగ్గర మనుషులు చాలరు. ఎవరో మెట్లు దిగుతూ తప్పుకోమన్నారు. తప్పుకున్నాడు.

గురువారం ఆఫీసు ఎదుట టీ బడ్డీ దగ్గర సింహాద్రి కనిపించాడు. మెమో వచ్చాక అతను దాలినాయుడితో మాట్లాడడం మానేశాడు. బెంచీ రెండో చివర కూర్చుని, సాసర్లో టీ ఊదుకుంటున్నాడు.

“సింహాద్రీ.”

“సెప్పండి. ముప్పై మీటర్లుండాలా మీకు కూడా?”

దాలినాయుడు జరిగి దగ్గరగా కూర్చున్నాడు. “పోలమ్మ వీధికి మంచినీళ్ళు పంపించే దారేదైనా ఉందా?”

“నన్నడుగుతారేటి? రూల్సన్నీ మీ బీరువాలోనే కదా ఉన్నాయి.”

“ట్యాంకరు…”

“ఎలగొస్తాది ట్యాంకరు?” సింహాద్రి సాసరు కింద పెట్టాడు. “నీలు బాగోనేదంటే మన ఆఫీసులో దారి నేదు గురూ. ఎప్పుడూ నేదు, ఈ పథకానికి ముందూ నేదు. నీలు రాలేదంటే మటుకుంది. ఈదికి చుక్క రాకపోతే, కాయితం ఇచ్చిన రోజే, నీలు శుద్ధి సేసే హెడ్‌వర్క్స్ నుంచి ట్యాంకరెల్లాలి. ఆ ఈదిలో నీలొచ్చీదాకా రోజూ ఎల్లాలి. ఆ రూలు ఎవుడూ కొట్టీలేదు. కంపు నీలే గాని, నీలొస్తన్నాయి కదా మరి! అదే సాలిపేట కర్మ.”

“వాల్వు కట్టేస్తే?”

సింహాద్రి అతని వైపు మొదటిసారి తిన్నగా చూశాడు. తర్వాత రోడ్డు వైపు చూశాడు. “వాల్వు ఈది మొదట్లో ఉంది. రాతి మూత తీస్తే గొయ్యి. పద్నాలుగు సుట్లు తిప్పాలి, చివరాకరి సుట్టు బిగుసుగుంటాది. నన్ను దగ్గరికి రావద్దన్నారు.” సాసరు ఎత్తి మిగిలిన టీ పీల్చాడు. “మిమ్మల్ననలేదు.”

“నాకు తిప్పడం రాదు.”

“ఇరవై రెండేల్లు నీల విభాగంలో చేసినారు కదా?”

“రాయడమే.”

సింహాద్రి నవ్వలేదు. లేచి, సైకిలుకు కట్టిన మూరెడున్నర ఇనుపకడ్డీ విప్పాడు. ఒక కొసన అడ్డపట్టీ, రెండో కొసన చదరపు గుంట. దాన్ని బెంచీకి ఆనించి, మర్చిపోయినవాడిలా సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

ఆ కడ్డీని గదికి తీసుకెళ్ళడానికి దాలినాయుడు దాన్ని వార్తాపత్రికలో చుట్టాడు. చుట్టినా అది కడ్డీలాగే ఉంది. దారిలో ముగ్గురు పలకరించారు. ముగ్గురూ దాన్నే చూశారనుకున్నాడు. ముగ్గురూ వానల గురించి మాట్లాడి వెళ్ళిపోయారు.

శుక్రవారం తెల్లారి అయిదున్నరకు సాలిపేట మూడో వీధికి నీళ్ళు వదులుతారు. అతను అయిదూ ముప్పావుకు వెళ్ళాడు. అప్పటికే కుళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలు వరస పెట్టారు. వీధి చివర సంగమం మీద షామియానా, పసుపుగుడ్డ కప్పిన శిలాఫలకం. మగ్గాలు ఇంకా మొదలవలేదు. ఎవరింట్లోనో వాంతి చేసుకుంటున్న చప్పుడు వినిపించి, ఆగి, మళ్ళీ వినిపించింది.

అతను వీధి మొదట్లో కూర్చుని రాతి మూత పక్కకు జరిపాడు. గొయ్యిలో బురద, బురదలో చదరపు తల ఉన్న ఇనుపముక్క. కడ్డీ గుంట దానికి పట్టించడానికి మూడుసార్లు గురితప్పింది. నాలుగోసారి కూర్చుంది. పొట్టలో జారుడు మొదలైంది. మొదలైందని గమనించాడు. తర్వాత మోకాళ్ళు. మోకాళ్ళు కూడా, అనుకున్నాడు. కడ్డీ అడ్డపట్టీ పట్టుకుని తిప్పాడు. కదల్లేదు. ఎటు తిప్పాలో సింహాద్రిని అడగలేదు. రెండో వైపు తిప్పాడు. తుప్పు విరిగినట్టు ఒక చప్పుడయి, తిరిగింది.

ఒకటి. రెండు. ఎవరూ చూడలేదు. అయిదో చుట్టుకు అరచెయ్యి చర్మం లేచింది. ఎనిమిదో చుట్టుకు ఒకావిడ కుళాయి దగ్గర, “ఇదేటి, సన్నమైపోతందేటి నీరు?” అంది. “సంగతేటో, మీటింగుంది కదా, అటు తిప్పుకున్నారేటో!” అంది ఇంకొకావిడ. పదకొండు. రేపు తనకు మెమో వస్తుంది. దాన్ని రాయడానికి మంచి అక్షరం ఉన్నవాడు ఆఫీసులో ఇంకొకడు లేడు. పన్నెండు. పదమూడు.

పదమూడు మీద కడ్డీ ఆగింది.

పోలమ్మ సగం నిండిన బిందె చంకన పెట్టుకుని అతని వైపు నడిచి వచ్చింది. గోతినీ, కడ్డీనీ, బురదైన అతని పంట్లామునూ చూసింది. రాత్రంతా నిద్ర లేని మొహం.

“ఏటి బాబూ, నీలు కట్టీస్తన్నావా?”

“కాగితం ఒకటి తెచ్చాను. నీళ్ళు రావడం లేదని రాశాను. నువ్వు వేలిముద్ర వేస్తే చాలు. ఆఫీసు తెరవగానే నేనే లోపల పెడతాను. పన్నెండింటికల్లా ట్యాంకరు వస్తుంది. హెడ్‌వర్క్స్ నీళ్ళు. రోజూ వస్తుంది.”

పోలమ్మ చంకలో ఉన్న బిందెను మెల్లగా వంచి, చెరుకురసం రంగు నీళ్ళను కాలువలోకి ఒంపేసింది.

“రావడం లేదని కదా రాసినావు,” అంది. “ఇంకా సుక్క సుక్క వస్తన్నాయి మరి.”

“వస్తున్నాయా?”

“వస్తన్నాయి.”

దాలినాయుడు చెప్పులు విప్పి పక్కన పెట్టాడు. గొయ్యి అంచుకు పాదం తన్నిపెట్టి, కడ్డీని రెండు చేతులా పట్టుకుని, మిగిలిన ఆ ఒక్క చుట్టు కూడా తిప్పాడు.